ఫోటోకు టెక్స్చర్ వేయడానికి ఏ సాఫ్ట్‌వేర్? ఫిల్టర్ల లెక్క చూడకండి

పాత కాగితం ముడతలు, పెచ్చులూడిన గోడ, ఫిల్మ్ గ్రెయిన్ (పాత ఫిల్మ్ ఫోటోల్లో కనిపించే సన్నటి గింజలు), గీతలు, ఆయిల్ పెయింటింగ్‌లో కనిపించే కుంచె జాడలు... డిజిటల్ ఫోటో మీదికి ఇలాంటివి తెప్పించే సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు కొదవ లేదు. ప్రతి యాపూ తన దగ్గర ఇన్ని వందల ఎఫెక్టులు ఉన్నాయని చెప్పుకుంటుంది. ఎంచుకునేటప్పుడు ఆ లెక్కను పట్టించుకోవద్దన్నది నా మొదటి సలహా. వందల ఫిల్టర్లు ఉన్నా, మనిషి మొహం మీద అడ్డంగా పడ్డ ఒక్క గీతను అక్కడివరకే తీసేసే వీలు లేకపోతే ఆ ఫోటో చెడినట్టే. నాలుగైదు సాధనాలే ఉన్నా, ఏది ఎక్కడ ఎంత పడాలో మీ చేతిలో ఉంటే పని అయిపోతుంది.

కాబట్టి కొనేముందు, లేదా ఉచితమే అయినా నేర్చుకోవడానికి కూర్చునేముందు, నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నా సొంత టెక్స్చర్ బొమ్మను ఇందులోకి తెచ్చుకోవచ్చా? దాన్ని కింద ఉన్న ఫోటోతో కలపడానికి బ్లెండ్ మోడ్‌లు ఉన్నాయా? అక్కర్లేని చోట మాస్క్‌తో, అంటే ఏ భాగం కనిపించాలో ఏది దాగాలో చెప్పే సాధనంతో, తీసేయవచ్చా? కొంతకాలం తర్వాత ఫైల్ మళ్లీ తెరిచి, ఫోటో జోలికి పోకుండా టెక్స్చర్‌ను మాత్రమే మార్చుకోవచ్చా? నాలుగింటికీ అవునని వచ్చే సాఫ్ట్‌వేర్‌లలో ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి. వాటి దగ్గరికి వచ్చేముందు బ్లెండ్ మోడ్‌ల సంగతి కొంచెం వివరంగా చూద్దాం. అది తెలియకుండా ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా పెద్ద తేడా ఉండదు.

టెక్స్చర్ ఫోటోలో ఎలా కలుస్తుంది

టెక్స్చర్ కూడా మామూలు ఫోటోయే. దాన్ని పై లేయర్‌గా (పొరగా) పెట్టి పారదర్శకత పెంచితే కింది ఫోటో కనిపిస్తుంది కానీ, మొత్తం మీద పొగమంచు కప్పినట్టు వెలిసిపోతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఈ పని మనకు రాదనుకుంటారు. లోపం పారదర్శకతతో సరిపెట్టుకోవడంలో ఉంది.

ప్రతి పిక్సెల్ వెలుగును 0 నుంచి 1 మధ్య ఒక అంకె అనుకోండి. నలుపు 0, తెలుపు 1. మల్టిప్లై మోడ్ రెండు లేయర్ల అంకెలను గుణిస్తుంది. దేన్నైనా 1తో గుణిస్తే మారదు కాబట్టి టెక్స్చర్‌లోని తెలుపు మాయమై, నల్లటి మరకలు మాత్రమే ఫోటోలోకి దిగుతాయి. తెల్ల కాగితం మీద సిరా చుక్కలు, నలిగిన కాగితం మడతలు, కాలిన అంచులు ఉంటే మల్టిప్లై వాడాలి. స్క్రీన్ మోడ్ దీనికి తిరగేసినది. నలుపు పోతుంది, తెలుపు నిలుస్తుంది. నల్లటి నేపథ్యం మీద దుమ్ము, ఫిల్మ్ గీతలు, కెమెరాలోకి కాంతి చొరబడినట్టుండే నారింజ మెరుపు, వాన చినుకులు అన్నీ దీని కిందికే వస్తాయి.

ఓవర్‌లే, సాఫ్ట్ లైట్ మోడ్‌లలో మాయమయ్యేది మధ్యస్థపు బూడిద రంగు. అంతకంటే ముదురుగా ఉన్నది ఫోటోను నల్లబరుస్తుంది, లేతగా ఉన్నది వెలిగిస్తుంది. సిమెంటు గోడ, గోనెసంచి, కాన్వాస్ గుడ్డ, తుప్పు పట్టిన రేకు లాంటివాటికి ఇవి సరిపోతాయి. ఓవర్‌లే కాస్త మొరటుగా పనిచేస్తుంది. మనుషుల ఫోటోలైతే సాఫ్ట్ లైట్‌తో మొదలుపెట్టి, చాలకపోతేనే ఓవర్‌లేకు వెళ్లండి.

ఇక్కడ రెండు ఇబ్బందులు తరచూ ఎదురవుతాయి. గోడ ఫోటోలో ఒక మూల చీకటిగా ఉంటే, ఓవర్‌లేలో మీ ఫోటో కూడా ఆ మూల చీకటవుతుంది. హై పాస్ ఫిల్టర్‌తో దీన్ని సరిచేయవచ్చు. పెద్ద పెద్ద వెలుగునీడల తేడాలను అది తీసేసి, మొత్తాన్ని మధ్యస్థపు బూడిదకు తెచ్చి, సన్నటి గరుకుదనాన్ని మాత్రం మిగులుస్తుంది. రెండోది రంగు. ఎర్ర ఇటుక గోడను వేస్తే ఫోటో అంతా ఎర్రబారుతుంది. ఆ రంగు మీకు కావాలంటే సరే, వద్దంటే టెక్స్చర్‌ను ముందే నలుపు తెలుపులోకి మార్చేయండి.

చర్మం సంగతి వేరు. మొహం మీద టెక్స్చర్‌ను మాస్క్‌తో పూర్తిగా చెరిపేస్తే, చుట్టూ టెక్స్చర్ తెచ్చిన రంగు ఛాయ ఉండి మొహం మాత్రం పాత రంగులో మిగిలి, కత్తిరించి అతికించినట్టు కనిపిస్తుంది. చెరపడానికి బదులు, టెక్స్చర్ లేయర్‌లో మొహం మీద పడే భాగాన్ని ఎంపిక చేసుకుని, ఆ ఎంపిక అంచులను మెత్తబరిచి, గట్టిగా గౌసియన్ బ్లర్ (మసకబరిచే ఫిల్టర్) వేయండి. గీతలు, మరకలు పోతాయి, రంగు ఛాయ ఉండిపోతుంది. టెక్స్చర్ పనిలో ఒక్క చిట్కాయే చెప్పమంటే నేను ఇదే చెబుతాను. ఒక్క తట్టుతో పని ముగించే ఫిల్టర్ యాప్‌లలో దీనికి చోటే ఉండదు.

ఫోన్‌లోనే చాలనుకుంటే

స్నాప్‌సీడ్ ఉచితం. దాన్ని మొదట తయారుచేసిన నిక్ సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ 2012లో కొన్నది. అందులోని గ్రెయినీ ఫిల్మ్, రెట్రోలక్స్ లాంటి రెడీమేడ్ ఎఫెక్టులకంటే మన పనికి పనికొచ్చేది డబుల్ ఎక్స్‌పోజర్. రెండు ఫోటోలు కలిపే సరదా సాధనంగానే అందరూ దాన్ని చూస్తారు కానీ, రెండో ఫోటో స్థానంలో గోడ ఫోటో పెడితే అదే టెక్స్చర్ సాధనం. వేళ్లతో తిప్పి, సాగదీసి, లైటెన్, డార్కెన్, ఓవర్‌లే లాంటి మోడ్‌లలోంచి ఎంచుకోవచ్చు. ఆ తర్వాత చేసిన మార్పుల వరుసను తెరిచి, ఆ ఒక్క మెట్టును ఎక్కడ కావాలో అక్కడికే బ్రష్‌తో పరిమితం చేయవచ్చు. అంటే మాస్క్ కూడా ఉన్నట్టే. మన నాలుగు ప్రశ్నల్లో మూడింటికి ఇది గట్టిగానే జవాబు చెబుతుంది. నాలుగోదానికి మాత్రం తడబడుతుంది: రెండు మూడు టెక్స్చర్‌లు ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మధ్య అటూ ఇటూ సర్దుకునే పనికి ఇది అనువు కాదు.

వీఎస్‌సీఓ లాంటివి మంచి రంగులు ఇస్తాయి, ఫిల్మ్ ఛాయలు ఇస్తాయి. కానీ మీ సొంత టెక్స్చర్‌తో పని చేయాలంటే అక్కడ వెతకడం దండగ. పిక్స్‌ఆర్ట్‌లో ఫోటో మీద ఫోటో పెట్టి బ్లెండ్ చేసే వీలుంది. చిన్న తెరమీద చూసే ఫోటోలకు అది చాలు.

కంప్యూటర్ మీద లేయర్లతో పనిచేసేవి

ఫోటోషాప్ గురించి కొత్తగా చెప్పేదేముంది. 1990లో వచ్చింది, లేయర్లు 1994లో చేరాయి. టెక్స్చర్ పని నేర్పే పాఠాలు ఎక్కడ చూసినా దీని మెనూల భాషలోనే ఉంటాయి. ఆ సౌకర్యం చిన్నది కాదు. ఈ పనికి ప్రత్యేకంగా రెండు విషయాల్లో ఇది ముందుంటుంది. మొదటిది స్మార్ట్ ఆబ్జెక్ట్. టెక్స్చర్‌ను అలా మార్చి పెట్టుకుంటే, దాని అసలు సైజు దాటనంతవరకు ఎన్నిసార్లు పెంచినా తగ్గించినా నాణ్యత పోదు, దానిమీద వేసిన బ్లర్, హై పాస్ లాంటి ఫిల్టర్లను తర్వాత తెరిచి మార్చుకోవచ్చు. రెండోది బ్లెండ్ ఇఫ్. కింది ఫోటోలో బాగా వెలుగున్న చోట్ల టెక్స్చర్ కనిపించొద్దనో, చీకట్లలోనే కనిపించాలనో ఒక స్లయిడర్‌తో చెప్పేయవచ్చు. ఆకాశాన్ని వదిలేసి నేలమీద మాత్రమే గరుకుదనం రావాలంటే గంటసేపు మాస్క్ గీయనక్కర్లేదు.

దీని అసలు చిక్కు చందా. 2013 నుంచి కొత్త వెర్షన్లు చందా పద్ధతిలోనే వస్తున్నాయి. కట్టడం ఆపేస్తే తెరవడం కూడా ఆగిపోతుంది. రోజూ దీంతోనే సంపాదించేవాళ్లకు అది ఖర్చు కిందికే రాదు. నెలకు రెండు ఫోటోలు చేసుకునేవాళ్లకు మాత్రం నేను దీన్ని సూచించను.

వాళ్లకు నేను చెప్పేది అఫినిటీ. సెరిఫ్ సంస్థ ఫోటో ఎడిటర్‌గా 2015లో దీన్ని తెచ్చింది, ఒక్కసారి కొనుక్కుంటే చాలనే పద్ధతిలో చాలాకాలం అమ్మింది. 2024లో ఆ సంస్థను కాన్వా కొన్నది. 2025 అక్టోబరు చివర్లో పాత మూడు అఫినిటీ యాప్‌లను కలిపి, ఒకే యాప్‌గా ఉచితంగా విడుదల చేసింది. కాన్వా ఖాతా ఒకటి తెరవాలి, ఏఐ సాధనాలు కావాలంటే మాత్రం డబ్బు కట్టాలి. టెక్స్చర్ పనికి ఆ ఏఐ సాధనాలతో మనకు పనేమీ లేదు కాబట్టి ఉచితమే చాలు. వేశాక కూడా మార్చుకోగలిగే లైవ్ ఫిల్టర్లు ఉన్నాయి, బ్లెండ్ ఇఫ్‌కు సమానమైన బ్లెండ్ రేంజ్‌లు ఉన్నాయి. అవి స్లయిడర్ల బదులు గ్రాఫ్ రూపంలో ఉంటాయి. అలవాటైతే వాటితోనే సులువు. మోడ్‌ల జాబితా మీద మౌస్ కదుపుతుంటే ఏ మోడ్‌లో ఎలా ఉంటుందో వెంటనే కనిపిస్తుంది. నేర్చుకునే దశలో ఇది చాలా మేలు చేస్తుంది. డబ్బులు, సౌకర్యం రెండూ కలిపి చూస్తే కొత్తవాళ్లకు ఇప్పుడున్న వాటిలో ఇదే నా ఎంపిక. ఒక్క అనుమానం మాత్రం ఉంచుకోండి: ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చినది ఎప్పటికీ ఉచితంగానే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ముఖ్యమైన ఫోటోలను వేరే సాఫ్ట్‌వేర్‌లు తెరవగలిగే ఫార్మాట్‌లో కూడా ఒక కాపీ దాచుకోండి.

ఆ అనుమానమే వద్దనుకునేవాళ్లకు గింప్ ఉంది. 1996 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉన్న) సాఫ్ట్‌వేర్ ఇది, ఎవరూ దీన్ని మీ దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేరు. చాలాకాలం దీనికున్న పెద్ద లోటేమిటంటే, ఒకసారి వేసిన ఫిల్టర్‌ను తర్వాత మార్చుకునే వీలు లేకపోవడం. 2025 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ ఆ లోటు చాలావరకు తీర్చింది. గింప్ మీద పాత సమీక్షలు చదివి వద్దనుకున్నవాళ్లు ఇంకోసారి చూడవచ్చు. బ్లెండ్ ఇఫ్ లాంటిది మాత్రం ఇందులో సూటిగా లేదు. ఫోటో వెలుగునే మాస్క్‌గా మార్చి వాడుకోవాలి. అంటే నాలుగు క్లిక్‌లు ఎక్కువ.

గింప్‌కు అసలు బలం జీమిక్ అనే ఉచిత ప్లగిన్ (అదనంగా చేర్చుకునే సాధనం). ఫ్రాన్స్‌లోని ఒక పరిశోధనశాలలో పుట్టింది. 500కు పైగా ఫిల్టర్లు ఉన్నాయి. ఫిల్టర్ల లెక్క చూడొద్దని మొదట్లో అన్నాను కదా, ఇక్కడా అదే అంటాను. సగం ఫిల్టర్లు ఎందుకున్నాయో అర్థం కాదు. కానీ ఫిల్మ్ ఛాయలు, కుంచె జాడలు, పాత ఫోటో మరకలు తెచ్చేవి కొన్ని నిజంగా బాగుంటాయి. ఫలితాన్ని కొత్త లేయర్‌గా తీసుకునే వీలుంది కాబట్టి, దానికి కూడా మోడ్, మాస్క్ పెట్టుకోవచ్చు. ఎఫెక్ట్ ఎంత బాగున్నా నూటికి నూరు శాతం ఉంచకుండా అసలు ఫోటోతో కలపడం మంచి అలవాటు.

ఏదీ ఇన్‌స్టాల్ చేసే వీలు లేని కంప్యూటర్ అయితే ఫోటోపీ. బ్రౌజర్‌లో నడుస్తుంది, చూడటానికి ఫోటోషాప్‌లాగే ఉంటుంది, ఫోటోషాప్ సొంత ఫార్మాట్ అయిన పీఎస్‌డీ ఫైళ్లు తెరుస్తుంది, లేయర్లు, మాస్క్‌లు, మోడ్‌లు అన్నీ ఉన్నాయి. పని మీ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, ఫోటో ఎక్కడికో అప్‌లోడ్ కాదు. ప్రకటనలు ఓర్చుకోవాలి. పెద్ద ఫోటోల మీద అయిదారు టెక్స్చర్ లేయర్లు పెడితే బ్రౌజర్ మొరాయించవచ్చు.

లైట్‌రూమ్ ఉంది కదా అనేవాళ్లకు

ఫోటోల రంగు, వెలుగు సరిచేసే లైట్‌రూమ్‌లో 2019లో టెక్స్చర్ అనే స్లయిడర్ వచ్చినప్పటి నుంచి ఈ అయోమయం ఉంది. అది ఫోటోలో ఉన్న సన్నటి వివరాలను పెంచుతుంది లేదా మెత్తబరుస్తుంది. బయటి నుంచి ఏ గరుకుదనాన్నీ తీసుకురాదు. లైట్‌రూమ్‌లో ఫోటో మీద ఇంకో బొమ్మను లేయర్‌గా పెట్టే పద్ధతే లేదు. కొందరు గడుసువాళ్లు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వేసే వాటర్‌మార్క్ స్థానంలో టెక్స్చర్ బొమ్మను పెట్టి పని కానిస్తారు. తెలివైన దొంగదారే, కానీ మోడ్‌లు లేవు, మాస్క్ లేదు, అంతా అయ్యేదాకా ఫలితం కనిపించదు.

అయినా ఒక పనిలో లైట్‌రూమ్‌ను మించింది లేదు. పెళ్లి ఫోటోలు వందల కొద్దీ ఉన్నాయి, అన్నింటికీ ఒకే రకమైన రంగు, ఒకే రకమైన గ్రెయిన్ కావాలి. అక్కడ లేయర్లతో కూర్చుంటే తెల్లారిపోతుంది. ఒక ఫోటోకు సరిచేసి, ప్రీసెట్‌గా దాచి, మిగతావాటికి సింక్ చేస్తే చాలు. గ్రెయిన్‌కు మోతాదు, పరిమాణం, గరుకుదనం అని మూడు స్లయిడర్లు ఉన్నాయి, ఫలితం సహజంగా ఉంటుంది. వాటిలోంచి ఆల్బమ్ కవర్‌కు పనికొచ్చే నాలుగైదింటిని మాత్రం లేయర్ల సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లండి.

నిక్ కలెక్షన్ అనే ప్లగిన్ల కట్ట ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. గూగుల్ దీన్ని 2016లో ఉచితం చేసింది, మరుసటి ఏడాది డీఎక్స్‌ఓ సంస్థ కొనుక్కుని, ఆ తర్వాత మళ్లీ అమ్మకానికి పెట్టింది. అందులోని అనలాగ్ ఎఫెక్స్ గీతలు, దుమ్ము, కాంతి చొరబాట్లు లాంటివి బాగా ఇస్తుంది, సిల్వర్ ఎఫెక్స్ నలుపు తెలుపు ఫోటోల గ్రెయిన్‌కు పేరు పొందింది. ట్రయల్ వాడి చూడండి. నలుపు తెలుపు ఫోటోలే మీ ప్రాణమైతే కొనండి, లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి.

పెయింటింగ్‌లా కనిపించాలంటే

ఆయిల్ పెయింట్ ఫిల్టర్ వేసి ఏమీ మారలేదని నిరాశపడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇలాంటి ఫిల్టర్లు చాలావరకు పిక్సెల్ లెక్కన పనిచేస్తాయి. 6000 పిక్సెల్‌ల వెడల్పున్న ఫోటో మీద ఇరవై పిక్సెల్‌ల కుంచె జాడ దాదాపు కనబడదు. అదే ఫోటోను 2000కు తగ్గించి వేస్తే మూడింతలు పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి సైజు ముందు, ఫిల్టర్ తర్వాత.

నిజంగా చేత్తో గీసిన ఛాయ కావాలంటే ఫిల్టర్లతో కుస్తీ పట్టడం కన్నా క్రిటా మేలు. ఉచితం, ఓపెన్ సోర్స్, బొమ్మలు గీసేవాళ్ల కోసమే తయారైంది. ఫోటోను తెరిచి, రంగును పులిమే బ్రష్‌లతో ముఖ్యమైన చోట్ల ఆకారం వెంట గీస్తూ పోవాలి. ఫిల్టర్‌కు చెంప ఏదో, చెట్టు ఏదో తెలియదు, మీకు తెలుసు. స్టయిలస్ ఉండాలి, ఓపిక ఉండాలి.

ఒక చిత్రకారుడి శైలిని ఫోటోకు దించే న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి 2015లో పరిశోధనగా వచ్చి, మరుసటి ఏడాది ప్రిస్మా యాప్‌తో జనంలోకి వెళ్లింది. ఇప్పటి ఏఐ సాధనాలు ఇంకా ముందుకు వెళ్లి, ఫోటోనే మళ్లీ గీసిస్తున్నాయి. చెట్లూ కొండలైతే ఫరవాలేదు. మనుషుల విషయంలో కళ్లు, పెదాలు కొంచెం మారిపోయి, పోలిక పోతుంది. ఇంట్లోవాళ్ల ఫోటోలకు నేను వీటిని వాడమని చెప్పను.

గ్రెయిన్ ఎప్పుడు, ఎంత

గ్రెయిన్‌ను చివరి మెట్టుగా పెట్టుకోవాలి. 6000 పిక్సెల్‌ల ఫోటోకు చక్కగా గ్రెయిన్ వేసి, దాన్ని 1080కి తగ్గించి పోస్ట్ చేస్తే ఆ గింజలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఫోటో మళ్లీ నున్నగా తయారవుతుంది. తగ్గించాకే వేయండి. ఎక్కువ వేసినా చిక్కే, గింజలు జేపెగ్ కుదింపుకు లొంగవు. ఫైల్ బరువెక్కుతుంది, సోషల్ మీడియా దాన్ని మళ్లీ కుదించినప్పుడు బురదలా తేలుతుంది.

పైన చెప్పిన లేయర్ల సాఫ్ట్‌వేర్‌లన్నింటిలోనూ పనిచేసే పద్ధతి ఒకటుంది. మధ్యస్థపు బూడిద నింపిన కొత్త లేయర్, ఓవర్‌లే మోడ్, దానిమీద రంగులేని నాయిస్ (చెదురుమదురు చుక్కలు), ఆపైన చాలా కొద్దిగా బ్లర్. ఓవర్‌లే స్వభావం వల్ల బాగా తెల్లగా, బాగా నల్లగా ఉన్న చోట్ల గింజలు తగ్గి, మధ్యస్థపు ఛాయల్లో ఎక్కువగా కనిపిస్తాయి. ఫిల్మ్‌లో చూసే గ్రెయిన్ కూడా దాదాపు అలాగే ఉంటుంది. ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంటే, పలచటి గ్రెయిన్ దాన్ని కూడా దాచేస్తుంది.

టెక్స్చర్ బొమ్మలు ఎక్కడివి

కొనే ప్యాక్‌లు, ఉచితంగా దొరికేవి, మీరే తీసుకునేవి... మూడింట్లో చివరిదే మేలు. ఒకటి, లైసెన్సు గొడవ ఉండదు. రెండు, మీ ఫోటో నలుగురి ఫోటోల్లా ఉండదు. మబ్బు పట్టిన రోజున గోడకు ఎదురుగా నిలబడి, కెమెరాను గోడకు సమాంతరంగా పట్టుకుని తీయండి. గరుకుదనం బాగా ఎత్తిచూపాలంటే వెలుగు పక్కనుంచి పడే వేళలో తీయండి. కాగితం, గుడ్డ, ఎండిన ఆకులైతే స్కానర్ మంచిది. ఏ4 కాగితం 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480×3508 పిక్సెల్‌లు వస్తుంది, 600లో దానికి రెట్టింపు వెడల్పు, రెట్టింపు పొడవు. 24 మెగాపిక్సెల్‌ల కెమెరా ఫోటో 6000×4000 ఉంటుంది కాబట్టి, దానిమీద వేయాలంటే 600లో స్కాన్ చేసుకోండి. మబ్బుల్లాంటి మెత్తటి టెక్స్చర్‌ను సాగదీసినా తెలియదు, గీతలు, గింజలు మాత్రం సాగితే ఇట్టే పట్టుబడతాయి.

బయటివి వాడేటట్టయితే లైసెన్సు చదవండి. సీసీ0 (తీసినవారు హక్కులు వదులుకున్నట్టు తెలిపే లైసెన్సు) అని ఉంటే దేనికైనా వాడుకోవచ్చు. సొంత వాడకానికి మాత్రమే అని ఉన్నదాన్ని డబ్బు తీసుకుని చేసే ఫోటోలో పెట్టకూడదు. టెక్స్చర్‌ను సేకరించి పెట్టుకునేటప్పుడే లైసెన్సును బట్టి వేర్వేరు ఫోల్డర్లలో వేసుకోండి, ఏడాది తర్వాత ఏది ఎక్కడిదో గుర్తుండదు.